ఏ పరీక్ష రాయాలి? ఎలా సిద్ధం కావాలి?

(పాలకుర్తిలో ఇంటర్మీడియట్ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి చాకలి ఐలమ్మ తన సాగుభూమిని నిలుపుకొన్న గడ్డ మన పాలకుర్తి. హక్కు ఉంటే చాలదు, దానిని దక్కించుకోవాలి. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. అయితే ర్యాంకు, ధ్రువపత్రం లేనివారికి ఆ 4 శాతం అక్కరకు రాదు.

20 ఏళ్లు దాటిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమా పొందినవారు కలిపినా 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తెలిపింది. ఈ దూరాన్ని తగ్గించాలంటే ముందుగా పరీక్షను తెలివిగా ఎంచుకోవాలి.

తోటివారు రాస్తున్నారని అన్ని పరీక్షలకూ అరకొరగా సిద్ధపడడం మేము తరచూ చూస్తున్నాం. ఒకదానిని ప్రధానంగా పెట్టుకొని, మిగిలినవాటిని తోడుగా ఉంచుకోవాలి. ఎంపీసీ వారిలో ఎక్కువమందికి ఎప్‌సెట్ ప్రధానం కావాలి. అందులో 160 మార్కులకు గణితానిదే 80. తప్పు సమాధానానికి మార్కు కోత లేదు, కనుక ఒక్క ప్రశ్నను కూడా వదలరాదు. వరంగల్ నిట్‌లో సగం సీట్లు మన రాష్ట్ర విద్యార్థులవే. కానీ వాటికి జేఈఈ మెయిన్ దారి. పునాది గట్టిగా ఉన్నవారే దానిని ప్రధానం చేసుకోవాలి.

బైపీసీ వారికి నీట్ ప్రధానం. 720 మార్కులలో జీవశాస్త్రానివే 360. ఒప్పుకు 4 మార్కులు వస్తే, తప్పుకు 1 పోతుంది. రెండు ఐచ్ఛికాలను తోసిపుచ్చి గుర్తించడం వేరు, కళ్లు మూసుకొని గుర్తించడం వేరు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉర్దూలోనూ లభిస్తుంది. ఆ భాషను దరఖాస్తులోనే ఎంచుకోవాలి. వైద్య సీటు రాకున్నా వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు ఎప్‌సెట్ దారి తెరిచే ఉంటుంది.

ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కుల వెయిటేజీ తొలగిందని పాఠ్యపుస్తకాన్ని పక్కన పెట్టవద్దు. ప్రవేశానికి ఇంటర్‌లో కనీస మార్కులు తప్పనిసరి. వారానికొక పాత ప్రశ్నపత్రాన్ని గడియారం ముందుంచుకొని పూర్తిగా రాయండి. పోయిన ప్రతి మార్కుకు కారణాన్ని ఒక నోటుపుస్తకంలో వేయండి: పాఠం తెలియలేదా, లెక్క తప్పిందా, సమయం చాలలేదా? కొత్త పుస్తకాలు కొనడం కన్నా ఆ నోటుపుస్తకమే ఎక్కువ మార్కులు తెస్తుంది.

తల్లిదండ్రులకు రెండు మాటలు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల ధ్రువపత్రంలో 'షేక్' అనే పదానికి ఆంగ్ల అక్షరాలు మూడు తీరుల ఉంటే కౌన్సెలింగ్ వేళ ఇబ్బంది తప్పదు. ఇప్పుడే మీసేవలో సరిచూసుకోండి. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. బీసీ-ఇ పత్రం జేఈఈలో దానంతటదే చెల్లదు. సయ్యద్, పఠాన్ వంటి కుటుంబాలు బీసీ-ఇ కిందికి రావు. అర్హత ఉంటే ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవాలి.

పరీక్ష కేంద్రం దూరమని ఆడపిల్ల దరఖాస్తును ఆపవద్దు. నలుగురు పిల్లలకు ఒక పెద్దవారు తోడు వెళ్తే చాలు. ఆ బాధ్యతను పంచుకోవడానికి మేము సిద్ధంగా ఉన్నాం. పత్రాలు తీసుకొని రండి, గడువు ముగియకముందే కలిసి దరఖాస్తులు నింపుదాం.