ఒక యంత్రపు వ్రాత వేఱొక యంత్రమునకు



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన వేళ వ్రాతను కాపాడుటను గూర్చి చెప్పుకొనుట ఉచితమే. పుస్తకము చినిగిన కుట్టవచ్చును. చెదపట్టినచో మిగిలిన పుటలనైనను చదువవచ్చును. కంప్యూటరులో దాచిన వ్రాత అట్టిది కాదు. 1982లో వచ్చిన కమొడోర్ 64 ఎన్నో దేశములలో ఇండ్లకు చేరెను. దానిని చేసిన కంపెనీ 1994లో మూతపడెను. ఆ యంత్రములపై జనులు వ్రాసికొన్న ఉత్తరములు, కథలు, లెక్కలు ఫ్లాపీ బిళ్ళలపై ఉండిపోయినవి. బిళ్ళపై నున్న అయస్కాంతపు పూత కాలక్రమమున చెడును.

బిళ్ళను తీసి వేఱొక యంత్రమున పెట్టిన చాలదా? చాలదు. కమొడోర్, ఆపిల్ 2, 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. మూడును అయిదుంబావు అంగుళముల బిళ్ళనే వాడెను. కాని ఐ.బి.ఎం. మొదట దానిపై 40 వలయములు గీచి, వలయమునకు 8 గళ్ళు చేసెను. కమొడోర్ 35 వలయములు గీచి, లోపలి వలయములకు 17, వెలుపలి పెద్ద వలయములకు 21 గళ్ళు చేసెను. కాగితమొకటే, గీతలు వేఱు.

కావున రెండు యంత్రముల నడుమ తీగ వేయుట మేలు. ఒకదాని నోటిని రెండవదాని చెవికి కలుపవలయును. నోటిని నోటికి కలిపి, ఏమియు రాలేదని రాత్రియంతయు కూర్చున్నవారు పెక్కుమంది. కమొడోర్ సంకేతములు 5 వోల్టులు మించవు. ఇతర యంత్రముల తీగలలో అంతకెక్కువ యుండును గనుక నడుమ తగిన పరికరమును ఉంచక కలిపినచో పాతది చెడిపోవచ్చును.

దారిలో అక్షరము మారిన తెలియుటెట్లు? 1977లో చికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్ దీనికొక ఉపాయము చేసెను. పిదప దానికి ఎక్స్‌మోడెమ్ అని పేరు వచ్చెను. వ్రాతను 128 అక్షరముల కట్టలుగా విడదీసి, ప్రతి కట్టకు వరుససంఖ్య వేయుదురు. యంత్రమునకు ప్రతి యక్షరము ఒక సంఖ్యయే గదా! ఆ 128 సంఖ్యలను కూడి, 256చే భాగింపగా మిగిలిన శేషమును కట్ట చివర చేర్చుదురు. అందుకొన్న యంత్రము తానును కూడి చూచును. సరిపోయిన అందినదనును, లేకున్న మరల పంపుమనును. అయితే చిఠ్ఠా వ్రాయువారెఱుగని సంగతి కాదు: రెండు పద్దులు తారుమారైనను అడుగు మొత్తము మారదు. ఇక్కడను అంతే. అందుచేత తరువాతివారు అక్షరపు స్థానమును గూడ లెక్కించు సి.ఆర్.సి. అను పరీక్షను చేర్చిరి.

ఓపిక కావలయును. సెకనుకు 300 బిట్ల వేగమున సుమారు 30 అక్షరములే సాగును. కమొడోర్ బిళ్ళ ఒక వైపున 1,74,848 అక్షరములు పట్టును. ఒక్క తప్పు రాకున్నను గంటా 37 నిమిషములు!

చేరిన పిదప అక్షరముల తగవు మిగులును. ఆస్కీ పద్ధతిలో 65 అనగా ఇంగ్లీషు పెద్ద ఏ. కమొడోర్‌లో పెద్ద చిన్న అక్షరములు రెండును చూపునప్పుడు అదే 65 చిన్న ఏ. మార్చక చదివిన లేఖలో పెద్దవి చిన్నవై, చిన్నవి పెద్దవై కనబడును. దీనిని దిద్దుట సులభమే. కాని ముందుగా ఉన్నదున్నట్లు ఒక ప్రతి తీసి, దానిని ముట్టక యుంచవలయును. లేఖలో అక్షరమైన 65, యంత్రమునకు ఆజ్ఞలిచ్చు ప్రోగ్రాములో ఆజ్ఞలో భాగమై యుండవచ్చును. దానిని అక్షరమని దిద్దినచో ఆ ప్రోగ్రాము మఱి నడువదు.