మా అవ్వను యాది చేసుకుంటూ



పొద్దున 6 గంటలకు సైట్‌లో టూల్‌బాక్స్ టాక్ చెప్పడం తప్ప నలుగురిలో నిలబడి మాట్లాడడం నాకు అలవాటు లేదు. మా అవ్వ పోయి నెల మాసికం అయింది, ఆమె గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగిన్రు. అందుకే నిలబడ్డ.

మాది కోరుట్ల పక్కన ఒక పల్లె. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడే బాపు పోయిండు. అక్కను, నన్ను, తమ్ముణ్ణి అవ్వ బీడీలు చేసి సాదింది. ఇక్కడున్న మా దిక్కు వాళ్లకు ఇది కొత్త కాదు, మీ ఇండ్లల్ల కూడా అదే పని. మిగతా వాళ్ల కోసం చెప్తున్న. తునికాకు నానబెట్టాలె, అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించాలె, తంబాకు పోసి చుట్టి, మొన మడిచి దారం కట్టాలె. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలైతే వెయ్యి. కూలి వెయ్యికే లెక్క. కార్ఖానాలో ఏరి పక్కన పడేసినవి మన ఖాతాలోనే. అవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని కూసుంటే వెయ్యి అయ్యేదాక లేచేది కాదు.

సోమవారం ఒక్కపొద్దు ఉండేది. ఆ రోజు కూడా వెయ్యి వెయ్యే. వేములవాడ రాజన్నకు దండం పెట్టి కత్తెర పట్టేది. పైసలు మాత్రం ఎన్నడూ అడగలేదు. “పైసలు అడిగితే దేవుడు గూడ సావుకారి అయితడు బిడ్డా, పాణం మంచిగుంచుమని అడుగాలె” అనేది.

2003లో నేను దుబాయికి వచ్చిన. ఏజెంటుకు కట్టిన 70 వేలు నూటికి 3 రూపాయల మిత్తి. హెల్పర్ జీతం 600 దిర్హంలు, అప్పుడు దిర్హంకు 12, 13 రూపాయలు. నేను పంపింది అంతా అప్పుకే కట్టింది, ఇల్లు బీడీల మీదనే నడిపింది. అవ్వకు చదువు రాదు. సావుకారికి కట్టిన ప్రతిసారి బీడీ దారానికి ఒక ముడి వేసేదట. ఈ సంగతి నాకు తెల్వదు. మొన్న పోయినప్పుడు ఆమె రేకు పెట్టెలో పింఛను పుస్తకం కింద ఆ దారం దొరికింది. లెక్కపెడితే 41 ముడులు. మూడు ఏండ్ల ఐదు నెలలు! సావుకారి కాగితం చింపిన రోజు కూడా నాకు ఫోన్‌లో “అయిపోయింది రా” అన్నది, అంతే.

2006లో మొదటి సెలవు. బేగంపేట విమానాశ్రయంలో దిగి ఇంటికి పోదామనుకుంటే తమ్ముడు జీపును సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా సక్కగ వేములవాడకు తీసుకపోయిండు. కాళ్లు చేతులు మంచిగుండి కొడుకు తిరిగొస్తే కోడెను కడతనని ఆమె మొక్కుకున్నదట. ధర్మగుండంలో తానం చేయించి, కోడె పగ్గం నా చేతికిచ్చి గుడి చుట్టూ తిప్పించింది. ఆ ఆవరణలోనే దర్గా ఉంది కదా, అక్కడ కూడా చక్కెర పెట్టి మొక్కింది. ఇదెందుకు అంటే, “వాళ్లిద్దరు ఒక్క జాగల ఉంటున్నరు, నీకేమైంది?” అన్నది. ఇప్పుడు నా కింద పని చేసే వాళ్లల్ల పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లు కూడా ఉన్నరు. ఏదైనా మాట పెరిగినప్పుడు నాకు ఆ చక్కెర యాదికొస్తది.

ఇక్కడి రూల్స్ ఆమెకు నాకంటే బాగా తెలుసు. జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుండి 3 గంటల వరకు ఎండలో పని బంద్ కదా. అంటే అక్కడ 2 గంటలు. సరిగ్గా 2 కొట్టంగనే ఫోన్! నీడకు కూసున్ననో లేదో చూపించాలె. “తాళ్లు మంచిగ కట్టిన్రా? బెల్టు పెట్టుకున్నవా?” అని అడిగేది. స్కఫోల్డింగ్ అని ఆమెకు నోరు తిరగకపోయేది, “పాడె కాదు, ఏందిరా అది” అని నవ్వేది.

పానం బాగాలేనప్పుడే ఒకసారి చెప్పింది: “నేను పోతే ఉరికి రాకు. తమ్ముడున్నడు నిప్పు పెట్టనీకి. స్లాబు మీద పది మందిని వదిలి వస్తే వాళ్లను ఎవరు చూస్తరు?” పోయిన రాత్రి నిజంగానే స్లాబు పోస్తున్నం. తమ్ముడు ఫోన్‌లో చూపించిండు, పంపు చప్పుడుల డప్పు వినబడలేదు. మీలో ఇట్ల ఫోన్‌లో చూసినవాళ్లు ఎంతమంది ఉన్నరో నాకు తెలుసు. పొద్దుటి వరకు కాంక్రీటు అయిపోయింది. నేను రూముకు వచ్చేసరికి టికెట్ తీసి, బ్యాగు సర్ది, ఎయిర్‌పోర్టుకు కారు పెట్టింది మీరే. మూడో దినానికి బూడిద దగ్గరికి చేరుకున్న. దానికి థ్యాంక్స్ అనే మాట సరిపోదు, అందుకే చెప్తలేను.

ఒక మొక్కు మిగిలి ఉంది. నా బిడ్డ ఇంటర్ పాసైతే కోడెను కడతనని అవ్వ రాజన్నకు చెప్పి పెట్టిందట. బిడ్డ రిజల్టు ఇంకా రాలేదు. సంవత్సరీకం అయ్యేదాక మేము గుడికి పోవద్దు. వచ్చే సెలవుకు బిడ్డను తీసుకుని పోత, పగ్గం ఆమెకే ఇస్త.

బయట భోజనాలు పెట్టిన్రు. నైట్ షిఫ్ట్ వాళ్లు ముందు తినున్రి, మీ బస్సుకు టైం అవుతుంది.