శిశువుల మెదడు గడ్డలకు అతిధ్వని చికిత్స
(సాంస్కృతిక సంఘ సభలో చేయబడిన ప్రసంగము)



అల్ట్రాసౌండ్ అను మాట నేడు ప్రతి గృహమునకును పరిచితమే. గర్భవతిని ఆసుపత్రికి తీసికొనిపోయినపుడు వైద్యులు ఆ ధ్వని సహాయముతో కడుపులోని శిశువును తెరపై చూపుదురు. మానవుని చెవికి సెకనుకు 20,000 కంపనముల వరకే వినబడును. అంతకు మించిన కంపనములు గల ధ్వనికి అతిధ్వని యని పేరు. పుట్టబోవు బిడ్డను చూపునట్టి ఈ ధ్వని, పుట్టిన బిడ్డకు ప్రాణాపాయము వచ్చినపుడు కాపాడుటకును ఉపకరించునా? ఇది నేటి శాస్త్రజ్ఞులు కొందరు పట్టుదలతో విచారించుచున్న ప్రశ్న.

మెదడును వెన్నుపాముతో కలుపు కాండమునందు పాన్స్ అను చిన్న భాగము కలదు. కనుల కదలికకు, ముఖ కండరములకు, మ్రింగుటకు, నడకకు సంబంధించిన నాడులెన్నియో ఆ యిరుకు తావుననే యున్నవి. అచ్చట పుట్టు ఒక గడ్డకు వైద్యులు డి.ఐ.పి.జి. యని పేరు పెట్టిరి. ఇది సాధారణముగ అయిదు మొదలు పదియేండ్ల వయస్సు గల పిల్లలకు వచ్చును. ఈ గడ్డ ముద్దగ నొకచోట నిలువక, ఇసుకలో నీరింకినట్లు మంచి కణముల నడుమ వ్యాపించును. కావున శస్త్రచికిత్సతో తీసివేయుట సాధ్యము కాదు. రేడియేషను వలన కొన్ని నెలలు ఉపశమనము కలుగును; పిమ్మట వ్యాధి తిరుగబెట్టును. రెండేండ్లు దాటి బ్రదుకు బిడ్డలు బహు స్వల్పము.

1969లో చంద్రునిపై మొదట కాలు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కుమార్తె కరెన్, ఇట్టి గడ్డ వలననే క్షీణించి, మూడవయేడు నిండకుండగనే 1962 జనవరిలో మరణించెను. ఏడేండ్లకు తండ్రి చంద్రుని చేరెను. ఆయన బిడ్డను కబళించిన గడ్డను మందుతో చేరు దారి మాత్రము అటుపిమ్మట దశాబ్దములు గడచినను దొరకలేదు.

అట్లయిన క్యాన్సరు కణములను చంపు మందులే లేవా? ఉన్నవి. ప్రయోగశాలలో గాజుపాత్రలోని గడ్డ కణములపై పనిచేయు మందులు పెక్కు కలవు. చిక్కంతయు అవి గడ్డను చేరుటలోనే యున్నది. 1885లో జర్మను శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగు నెక్కించి చూడగా, అవయవము లన్నియు రంగు పట్టెను గాని మెదడు మాత్రము తెల్లగనే యుండెను. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ రంగును మెదడు చుట్టునుండు ద్రవములో నెక్కించెను. అప్పుడు మెదడు రంగు పట్టెను. తక్కిన శరీరము పట్టలేదు. రక్తమునకును మెదడునకును నడుమ నొక గోడ యున్నదని ఈ ప్రయోగములు తెలిపినవి. మెదడులోని సన్నని రక్తనాళముల కణములు ఒకదాని నొకటి సందు లేకుండ పెనవైచుకొని యుండుటయే ఆ గోడ. విషములను రానీయక మెదడును కాపాడు ఆ గోడయే, వ్యాధి వచ్చినపుడు మందునకును అడ్డు నిలుచుచున్నది.

ఈ చిక్కునకు తెలుగువారు గర్వించు ఒక చరిత్రలోనే నిదర్శనము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, ఆయన బృందము తయారుచేసిన అమినాప్టెరిన్ అను మందును బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు గల పిల్లల కిచ్చెను. 1948లో ఆ ఫలితములు ప్రకటితమాయెను. అంతవరకు లొంగని వ్యాధి తాత్కాలికముగనైనను తగ్గుట వైద్యలోకము చూచెను. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. అయినను రక్తములో వ్యాధి తగ్గిన పిల్లలలో పలువురికి కొంతకాలమునకు మెదడు పొరలలో అదే వ్యాధి తిరుగబెట్టుచుండెను. మందు తగినంతగ దాటలేని గోడ వెనుక క్యాన్సరు కణములు దాగియుండుటయే దీనికి కారణము. అందువలన వైద్యులు మెథోట్రెక్సేట్‌ను వెన్నులోని ద్రవములోనికి నేరుగ సూదితో నెక్కించు పద్ధతి నవలంబించిరి. మందు మంచిదైనంత మాత్రమున చాలదు, దానికి దారియు కావలయునని ఆనాడే తేలినది. పొరలలోని వ్యాధికి ఆ సూది చాలినది గాని, మెదడు లోతున నున్న గడ్డలోనికి ఆ మందు చొరజాలదు.

అచ్చట అతిధ్వని ప్రవేశించుచున్నది. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున పాల్ లాంజెవాన్ అట్టి స్ఫటికములతో జలాంతర్గాములను పసిగట్టు ధ్వనిని పుట్టించెను. ఆ ధ్వని మార్గమున చిక్కిన చేపలు చచ్చుటయు ఆయన చూచెను. 1950ల్లో ఇలినాయి విశ్వవిద్యాలయమున విలియం ఫ్రై, ఫ్రాన్సిస్ ఫ్రై సోదరులు, భూతద్దము సూర్యకిరణములను ఒకచోట చేర్చునట్లు, ధ్వనిని మెదడు లోతున నొక బిందువు కడ చేర్చు విద్యను సాధించిరి. అయితే పుర్రె ఎముకలో కొంతభాగమును తొలగించిన గాని ఆ పని జరుగకుండెను.

2001లో బోస్టనున కుల్లెర్వో హైనినెన్ బృందము మరియొక మార్గమును చూపెను. మిల్లీమీటరులో వేయవ వంతు మొదలు కొన్ని వంతుల పరిమాణము గల వాయుబుడగలను రక్తములోనికి ఎక్కింతురు. ధ్వని తగిలినచోట మాత్రమే ఆ బుడగలు ఉబ్బుచు, తగ్గుచు నాళముల గోడలను మెల్లగ కదలించును. కణముల నడుమ సందులు సడలును. ఆ సమయమున రక్తములో నున్న మందు లోనికి పోవును. కొన్ని గంటలలో, లేదా ఒకనాటిలో, గోడ యథాప్రకారము మూసికొనును. ఆ బృందము దీనిని కుందేళ్ళలో నిరూపించెను. 2015లో టొరంటో నగరపు సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మెదడు గడ్డ గల రోగికి, పుర్రె తెరువకయే, ఈ పద్ధతితో గోడను సడలించిరి. అటుపిమ్మట టొరంటో, న్యూయార్కు, వాషింగ్టను నగరములలో డి.ఐ.పి.జి. గల పిల్లలపై అతిధ్వని పరీక్షలు మొదలైనవి.

చెప్పుటకు సులభమైన ఈ పని చేయుటకు మిక్కిలి కష్టము. ధ్వని బలము తక్కువైనచో గోడ సడలదు. ఎక్కువైనచో నాళము చిట్లి రక్తస్రావము కలుగును. పుర్రె ఎముక ధ్వనిని వంచును, మ్రింగును. ఒక్కొక్క బిడ్డ పుర్రె ఒక్కొక్క విధముగ నుండును; అది పెరుగుచునుండును. పాన్స్ భాగమునందు గోరంత పొరపాటునకును తావు లేదు.

ఈ కష్టమును దినదినము మోయువారిలో ముఖ్యులు పోస్ట్ డాక్టొరల్ పరిశోధకులు. డాక్టరేటు ముగిసిన తరువాత, ఆచార్యపదవికి ముందు, రెండు మూడేండ్ల ఒడంబడికపై చేయు పని యిది. సి.టి. చిత్రములనుండి పుర్రె మందమును లెక్కగట్టి, ధ్వని యెట్లు వంగునో కంప్యూటరుపై ముందుగ చూచుట; మెదడును పోలిన జిగురుముద్దలపై పరీక్షించుట; ఎలుకలలో గడ్డలోనికి ఎంత మందు చేరినదో కొలుచుట; బుడగలనుండి తిరిగివచ్చు ధ్వనిని యంత్రముతో వినుచు, అది లయబద్ధముగ నున్నదా, లేక బుడగలు పగులుచున్న రొదయా యని నిర్ణయించుట. భౌతికశాస్త్రము నెరిగినవాడు జీవశాస్త్రమును నేర్వవలయును. జీవశాస్త్రము చదివిన యువతి విద్యుత్ యంత్రములతో చెలిమి చేయవలయును. నెలలకొలది శ్రమ ఫలింపదు. ఫలింపలేదని నిజాయితీగ వ్రాసి పెట్టుటయు ఆ పనిలో భాగమే.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబములకు ఇట్టి పదవి వింతగ తోచుట సహజము. ఇంక్రిమెంటు తేది, పదోన్నతి వరుస, విరమణ దినము ముందుగనే తెలిసియుండు జీవితము వారిది. ఈ పరిశోధకునికి మాత్రము మూడేండ్లకు పిమ్మట జీతమెవ్వ రిత్తురో తెలియదు. మన దేశమునను రీసెర్చి అసోసియేట్ అను పేర ఇట్టి తాత్కాలిక పదవులు కలవు. 1930లో హార్వర్డు డాక్టరేటు పొందిన సుబ్బారావుగారు కూడ, ఫిస్కేతో కలిసి లోకోత్తరమైన కృషి చేసియు, అచ్చట స్థిరమైన ఆచార్యపదవి నందక 1940లో లెడర్లీకి పోయిరి. నాడు ఆయన నిరాశతో పరిశోధన మానియుండినచో, నష్టపడెడివారు ఆయన యెన్నడును చూడని పిల్లలు.

అయినను అత్యాశ తగదు. అతిధ్వని వలన ఈ వ్యాధి కుదురునని నేడెవ్వరును చెప్పజాలరు. ఇప్పటి పరీక్షలు ముఖ్యముగ ఈ పద్ధతి పిల్లలకు సురక్షితమా యని తెలిసికొనుటకే. ఆపదలో నున్న తల్లిదండ్రులకు నయమగునని ధనము గుంజు ప్రకటనలు కనబడినచో నమ్మరాదు. పిల్లల క్యాన్సరు వైద్యుని సంప్రదించి, నియమానుసారముగ జరుగు పరీక్షలను గూర్చి ఆయననే అడుగుట క్షేమము. అట్లని ఈ శ్రమ వ్యర్థమనియు తలపరాదు. గోడ యున్నదని తెలిసికొనుటకు ఎర్లిక్ నాటినుండి, దానిని ధ్వనితో గాయపరుపక సడలించుటకు నూరేండ్లకు పైగ పట్టినది.

తెలుగు కుటుంబములలోని బిడ్డలు నేడు దేశ విదేశముల ప్రయోగశాలలలో ఇట్టి తాత్కాలిక పదవులలో నున్నారు. వారు పండుగకు ఇంటికి వచ్చినపుడు "స్థిరమైన ఉద్యోగ మెప్పుడు?" అని పెద్ద లడుగుటలో తప్పు లేదు, అది ప్రేమ వలన పుట్టిన ప్రశ్న. కాని దానికి ముందు "పని యెంతవరకు వచ్చినది?" అని యొకమాట యడిగి, వారు చెప్పునది ఓపికతో వినుట పెద్దలకు ధర్మము.