దవడ నొప్పి అంతా పంటి నొప్పి కాదు



మనం ‘దవడ’ అంటాం, కన్నడంలో ‘దవడె’ అంటారు. మాటలో పెద్ద తేడా లేదు. కానీ అక్కడ వచ్చే నొప్పిని వైద్యుడికి చెప్పడంలో పొరపాటు జరిగితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా అమ్మకు అరవై దాటాక కుడి చెంపలో నొప్పి మొదలైంది. “కరెంటు తీగ తగిలినట్టు జివ్వుమంటుందిరా. క్షణాల్లో పోతుంది. మొహం కడుక్కుంటే మళ్లీ వస్తుంది” అనేది. ఆమెకు కన్నడం అంతగా రాదు. పళ్ల డాక్టరు దగ్గర నేనే దుబాసీని. అమ్మ చెప్పిన మూడు ముక్కలూ వదిలేసి, ‘హల్లు నోవు’, అంటే పంటి నొప్పి, అని ఒక్క మాటలో తేల్చేశాను. రెండు పళ్లు పోయాయి. నొప్పి పోలేదు. పిల్లలకు రెండు భాషలు నేర్పే పంతులు చేసిన తప్పు అది.

అమ్మది నరం నొప్పి. మొహానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరాన్ని, అది మెదడు నుంచి బయలుదేరే చోట, ఒక రక్తనాళం ఒత్తడం వల్ల చాలామందికి ఇది వస్తుంది. యాభై దాటినవారిలో, అందులోనూ ఆడవారిలో ఎక్కువ. సాధారణంగా మొహానికి ఒక పక్కనే ఉంటుంది. పళ్లు తోముకున్నా, చల్లగాలి తగిలినా మెరుపులా కొడుతుంది. మామూలు నొప్పి మాత్రలు దీనికి పనిచేయవు. కార్బమజెపైన్ అనే మందుతో ఎక్కువమందికి ఉపశమనం కలుగుతుంది. దాన్ని వైద్యుని సలహాతో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. సొంతంగా మానేయకూడదు. మందుకు లొంగకపోతే శస్త్రచికిత్స ఉంది.

ఇక రెండో రకం. మీ చెవి ముందు వేలు ఆనించి, నోరు తెరిచి మూయండి. వేలికింద కదిలిందే దవడ కీలు. నిద్రలో పళ్లు కొరకడం, మనసులో ఆందోళన, దెబ్బ తగలడం, కీళ్లవాతం – వీటివల్ల ఆ కీలూ, చుట్టుపక్కల కండరాలూ నొప్పి పెడతాయి. నమిలితే సలుపు, నోరు తెరిస్తే టక్కుమనే చప్పుడు, కణతల్లో పోటు. చెవిపోటని పొరబడేవారూ ఉన్నారు. భయం లేదు. కొన్ని వారాలు మెత్తని అన్నం తిని, గోరువెచ్చని కాపడం పెట్టి, పెద్దగా ఆవలించకుండా చూసుకుంటే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే దంతవైద్యుడు వ్యాయామాలు చెబుతాడు, రాత్రిపూట పళ్లకు తొడుగు ఇస్తాడు. ఆపరేషన్ అవసరం అరుదు.

మూడోది వక్క, గుట్కా తెచ్చేది. కారం తింటే నోరు మండుతుంది. బుగ్గలు లోపల బిగుసుకుంటాయి. రానురాను నోట్లో మూడు వేళ్లు పట్టవు. ఇది క్యాన్సరుకు దారితీయవచ్చు. వెంటనే వక్క మానాలి. రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే తప్పక చూపించుకోవాలి.

రెండు హెచ్చరికలు. దవడ లాగుతూ గుండె బరువెక్కి, చెమట పోస్తే అది గుండెపోటు కావచ్చు. పళ్ల డాక్టరు కోసం వెతకకండి, 108కి ఫోన్ చేయండి. యాభై దాటినవారికి కొత్తగా కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి వచ్చి, చూపు మసకబారితే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే చూపే పోవచ్చు.

చివరిగా, ఇంట్లో పెద్దవాళ్లకు దుబాసీలుగా వెళ్లే పిల్లలకు ఒక మాట. నొప్పి ఎక్కడ, ఎలా ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది – ఈ నాలుగూ వాళ్లను అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే వైద్యుడికి వినిపించండి. కుదించకండి. నేను కుదించినందుకు మా అమ్మ రెండు మంచి పళ్లు పోగొట్టుకుంది.

సెలవు.