దుర్భిణిలో పెద్దగా కనిపిస్తే చాలదు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో మన మిత్రులొకరు ఒక సందేహం వెలిబుచ్చారు. వారి మనుమడు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో బెంచ్‌రెస్ట్ అనే గురి పోటీలకు వెళుతున్నాడట. తుపాకి మీద బిగించే దుర్భిణికి దాదాపు తుపాకి అంత ఖర్చు పెట్టాడట. అది చాలక కొత్త దుర్భిణిని విప్పించి లోపల జిగురు పెట్టించాడట. "ఇదేం పిచ్చండీ, కాస్త మీరు చెప్పండి" అన్నారు. నేను తుపాకి పట్టినవాణ్ణి కాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా లెవెల్ పుస్తకాలు, పరికరాల స్టాకు రిజిస్టర్లు చూసినవాణ్ణి. అయితే కాలువ గట్టు మీద నిలబెట్టే లెవెల్ యంత్రానికీ, ఆ తుపాకి దుర్భిణికీ కడుపులో సరుకు ఇంచుమించు ఒకటే. ఆ అబ్బాయి చేసింది పిచ్చి పని కాదు. పైగా అందులో మన గూడూరు రైతుకు పనికివచ్చే సంగతి ఒకటి ఉంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఆట సంగతి. గట్టి బల్ల మీద ఇసుక సంచులు పెట్టి, వాటిపై తుపాకి ఆనించి 100, 200 గజాల దూరంలోని కాగితాన్ని కొడతారు. అమెరికాలో 1940ల దశకంలో ఇది పోటీగా రూపు దిద్దుకుంది. మధ్య చుక్కకు కొట్టడం ముఖ్యం కాదు, ఐదు గుళ్ళూ ఎంత దగ్గరగా పడ్డాయన్నదే లెక్క. 1973లో మాక్ మెక్‌మిలన్ అనే ఆయన 100 గజాల నుంచి కొట్టిన ఐదు గుళ్ళ మధ్య ఎడం 0.009 అంగుళం. అంటే ఐదు గుళ్ళూ ఒకే రంధ్రంలో దూరినట్టే. ఆ రికార్డు నలభై ఏళ్ళు నిలిచింది.

ఇంత సూక్ష్మమైన పనికి 36, 40, 45 రెట్లు పెద్దదిగా చూపే దుర్భిణులు వాడతారు. 36 రెట్ల దుర్భిణిలో 100 గజాల దూరపు కాగితం మూడు గజాల లోపున ఉన్నట్టు కనిపిస్తుంది. మరి 100 రెట్లు పెంచితే ఇంకా మంచిది కదా అంటారు. కాదు. పెంచినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ముందు గాజు వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి అందే వెలుగు కడ్డీ మందం వస్తుంది. 40 మిల్లీమీటర్ల గాజు, 36 రెట్లు అయితే అది 1.1 మిల్లీమీటరు మాత్రమే. అదే 40 మిల్లీమీటర్ల గాజున్న 8 రెట్ల బైనాక్యులర్‌లో 5 మిల్లీమీటర్లు. మనవళ్ళకు బైనాక్యులర్ కొనేటప్పుడు ఈ చిన్న భాగహారం చేసుకోండి. అట్ట పెట్టె మీది పెద్ద అంకె చూసి మోసపోవద్దు.

ఇంకొక చిక్కు ఎండ. వేసవిలో మన బందరు రోడ్డు మీద గాలి సెగలుగా ఆడడం చూస్తాం కదా. దుర్భిణి బొమ్మతోపాటు ఆ సెగనూ పెంచి చూపుతుంది. అందుకే లెవెల్ పని పొద్దున్నే చేసుకోవాలని, చూపు నేలకు మరీ దగ్గరగా పోనివ్వకూడదని పాత సూపర్‌వైజర్లు చెప్పేవారు. పోటీలవారు మాత్రం ఆ సెగ ఎటు వాలుతోందో చూసి గాలి దిక్కు పసిగడతారు.

ఇక అసలు సంగతి. దుర్భిణి లోపల శిలువలాగా రెండు సన్నని అడ్డగీతలుంటాయి. పూర్వం వీటికి సాలెపురుగు దారమే వాడేవారు. తుపాకి దుర్భిణిలో గురి సవరించడానికి లోపల ఒక చిన్న గొట్టం ఉంటుంది. దానిని ఒక వైపు మరలు, మరో వైపు స్ప్రింగు అదిమి పట్టుకుంటాయి. తుపాకి పేలిన ప్రతిసారీ అది అదురుతుంది. మళ్ళీ పూర్వపు చోటికే వస్తే సరే. రాకపోతే?

లెక్క వేద్దాం. ముందు గాజు నాభ్యంతరం 200 మిల్లీమీటర్లు అనుకోండి. అడ్డగీత కాగితం మందంలో పావు వంతు, అంటే 0.025 మిల్లీమీటరు జరిగితే, 100 మీటర్ల దూరాన గురి పన్నెండున్నర మిల్లీమీటర్లు తప్పుతుంది. ఐదు గుళ్ళను ఒకే రంధ్రంలో దూర్చేవాడికి అది కొండంత తప్పు. అందుకే ఆ ఆటగాళ్ళు లోపలి గొట్టం కదలకుండా జిగురుతోగాని మరలతోగాని బిగించేసి, సవరించే ఏర్పాటును దుర్భిణిని పట్టుకునే బయటి బిగింపులో పెట్టుకుంటారు. మన మిత్రుని మనుమడు చేయించింది ఇదే. అయితే ఇది తెలిసినవారి చేత చేయించవలసిన పని. విప్పితే గ్యారంటీ పోతుంది. తేమ చొరకుండా లోపల నింపిన నత్రజని కూడా పోతుంది. మనలాంటి సముద్రపు గాలి ఊళ్ళలో గాజుకు బూజు పట్టడం ఖాయం.

ఇప్పుడు అదే పన్నెండున్నర మిల్లీమీటర్లను మన పొలానికి తీసుకువద్దాం. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టిననాటి నుంచి ఈ డెల్టాలో నీరు వాలును నమ్ముకునే పారుతోంది. ఆ వాలు ఏపాటిది? దిగువకు వచ్చేసరికి కొన్ని చోట్ల మైలుకు అడుగు కూడా ఉండదు. మైలుకు అడుగే అనుకున్నా, 100 మీటర్లకు 19 మిల్లీమీటర్లు. అందులో యంత్రమే పన్నెండున్నర తప్పు చూపితే మిగిలేదెంత?

నా సర్వీసులో ఇలాంటిది ఒకటి జరిగింది. ఊరు పేరు, ఆఫీసు పేరు అనవసరం. ఒక పంట కాలువలో పూడిక తీశారు. పుస్తకంలో వాలు చక్కగా ఉంది, బిల్లూ పాసయింది. కాని నీరు మాత్రం శివారుకు ఎక్కలేదు. పైవాళ్ళు నాట్లు వేసుకుంటుంటే కింద ఆకుమళ్ళు ఎండిపోయాయి. శివారు రైతులు లస్కరును తిట్టారు, పైవాళ్ళు తూములు ఎత్తేస్తున్నారని తగువులాడారు. చివరికి ఒక పెద్ద ఓవర్‌సీరు వచ్చి యంత్రాన్ని పరీక్షిస్తే చూపు కొంచెం పైకి పోతోందని తేలింది. దూరపు కర్ర మీద రీడింగు ఎక్కువ వచ్చి, దిగువ నేల ఉన్నదానికన్నా పల్లంగా పుస్తకంలోకి ఎక్కింది. దుర్భిణిలో అంకెలు స్పష్టంగా, పెద్దగానే కనిపించాయి. అయినా అవి నిజం కావు. స్టాకు రిజిస్టరులో ఆ యంత్రం ఎదుట "పనిచేయుచున్నది" అనే ఉంది.

ఆ ఓవర్‌సీరు చేసిన పరీక్షకు పావుగంట చాలు. అరవై మీటర్ల ఎడంలో రెండు మేకులు కొట్టాలి. యంత్రాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి రెండింటి మీదా కర్ర నిలిపి తేడా రాసుకోవాలి. మధ్యలో ఉన్నప్పుడు తప్పు రెండు వైపులా సమానం కనుక తేడా నిజమైనదే వస్తుంది. తర్వాత యంత్రాన్ని ఒక మేకు దగ్గరకు జరిపి మళ్ళీ చూడాలి. అదే తేడా వస్తే యంత్రం మంచిది. రాకపోతే మరలు సవరించాలి. పోటీ తుపాకులవారిదీ ఇదే ఉపాయం. ఒకే తుపాకికి రెండు దుర్భిణులు బిగించి, రెంటినీ ఒకే చుక్కకు పెట్టి, కాల్చి చూస్తారు. ఏది జరిగిందో తెలిసిపోతుంది.

ఇంకొక పరీక్ష ఏ దుర్భిణికైనా చేయవచ్చు. ముందుగా తెల్ల కాగితం అడ్డం పెట్టి, అడ్డగీతలు నల్లగా కనపడేదాకా కంటి గాజు తిప్పుకోవాలి. తర్వాత దూరపు వస్తువును స్పష్టం చేసుకోవాలి. ఇప్పుడు కన్ను అటూ ఇటూ జరిపితే గీత వస్తువు మీద జరగకూడదు. జరిగితే ఇంకా సరిచేయవలసి ఉందన్నమాట.

దుర్భిణి ఉంటేనే గురి కుదురుతుందని కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో దుర్భిణి నిషిద్ధం. చిన్న రంధ్రం గుండా చూసి, అర మిల్లీమీటరు చుక్కను కొట్టాలి.

ఇప్పుడు ఆటో లెవెళ్ళు, టోటల్ స్టేషన్లు వచ్చాయి. వాటికీ పరీక్ష తప్పదు. చివరగా నా మనవి ఒక్కటే. మనలో చాలామందికి శివారులో ఎకరమో అరెకరమో ఉంది. పూడికతీతకు లెవెల్ పట్టడానికి వచ్చినప్పుడు గట్టు మీదకు వెళ్ళండి. "అయ్యా, రెండు మేకుల పరీక్ష చేశారా?" అని మర్యాదగా అడగండి. చేయకపోతే చేయించండి. మేకులు మనమే ఇద్దాం. పావుగంట ఆలస్యమైతే కొంప మునగదు. నారు ఎండితే మాత్రం ఏడాది పోతుంది.