మంత్రగత్తె కళ్లతో ఓ ఊరు

2022లో వచ్చిన హారర్ సినిమా 'యూ వోంట్ బీ అలోన్' గురించి రెండు మాటలు.

కథ జరిగేది 19వ శతాబ్దపు మాసిడోనియా పల్లెల్లో. దర్శకుడు గోరాన్ స్టోలెవ్‌స్కీ మాసిడోనియాలో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగినవాడు. నెవెనా అనే మూగపిల్ల మంత్రగత్తె అవుతుంది. చనిపోయినవాళ్ల రూపాలు ధరిస్తుంది. ముందు ఓ ఇల్లాలు. ఆ తర్వాత మగవాడు. ఆ తర్వాత చిన్నపిల్ల.

ఇల్లాలిగా ఉన్నప్పుడు చూడాలి! తోటి ఆడవాళ్లను చూసి నవ్వడం నేర్చుకుంటుంది. మగవాళ్ల ముందు నోరు మెదపకూడదనీ నేర్చుకుంటుంది. మగవాడయ్యాక? అదే ఊరు, కానీ బతుకే వేరు.

నటుల్లో స్వీడన్, పోర్చుగల్, రుమేనియా వాళ్లున్నారు. సంభాషణలు మాత్రం మాసిడోనియన్‌లోనే. ఆ సినిమానే ఆస్ట్రేలియా ఆస్కార్ పోటీకి పంపింది.

తెర మీద రకరకాల మనుషులను చూపిస్తే చాలదు, వాళ్ల కళ్లతో లోకాన్ని చూపించాలి. ఈ సినిమా ఆ పని చేసింది. తప్పక చూడండి. రక్తపాతం ఎక్కువ, పిల్లలతో మాత్రం వద్దు.