రొట్టె, నీళ్లు, ఏడేళ్లు: తొలి ఇంగ్లీషు రచనల్లో పాపం

852 మంది మూడేసి రోజులు పస్తుంటే ఎన్ని ఉపవాసాలవుతాయి? 2,556. ఏడేళ్లకు రోజులు 2,555; ఒక లీపు దినం కలుపుకుంటే లెక్క సరిపోతుంది. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో ఎవరో మతాధికారి ఈ లెక్క కట్టి పాత ఇంగ్లీషులో రాసిపెట్టాడు. ఏడేళ్ల ప్రాయశ్చిత్తం నెత్తినపడ్డ ప్రభువు ముందు పన్నెండు మందిని, ఆపైన 120 మంది చొప్పున ఏడు జట్లను పోగుచేసి, రొట్టె, ఆకుకూరలు, నీళ్ల మీద ఉపవాసం చేయించవచ్చు. అతను మాత్రం ఊరికే కూర్చోకూడదు. ఆయుధాలు, ఆభరణాలు విడిచి, కర్ర పట్టుకుని, చెప్పుల్లేకుండా నడవాలి; మంచమెక్కకూడదు; బీదల కాళ్లు కడగాలి. లేనివాడికి ఈ వెసులుబాటు లేదనీ, వాడు తన ఒంటితోనే తీర్చుకోవాలనీ ఆ రచన దాచకుండా చెబుతుంది.

నవ్వొస్తుంది. కానీ పాపానికి వెల కట్టడం ఆ సమాజానికి వింత కాదు. 600 ప్రాంతంలో కెంట్ రాజు ఎథెల్‌బెర్ట్ రాయించిన శాసనంలో బొటనవేలు నరికితే 20 షిల్లింగులు, ముందుపన్ను రాలగొడితే 6. చంపితే ప్రాణానికీ వెల ఉంది. హతుడి బంధువులకు చెల్లించాలి. ఈ నేలమీదికి ఐర్లండు సన్యాసుల నుంచి ప్రాయశ్చిత్త పట్టికలు వచ్చాయి. టార్సస్‌లో పుట్టి, 669లో కాంటర్బరీ చేరి ఆర్చిబిషప్ పీఠమెక్కిన థియోడోర్ పేరిట లాటిన్‌లో ఉన్న పట్టిక వాటిలో ప్రసిద్ధమైనది. బంధువు చావుకు పగ తీర్చుకుని మనిషిని చంపితే ఏడేళ్లో పదేళ్లో ప్రాయశ్చిత్తం. చచ్చినవాడి వాళ్లకు ప్రాణం వెల చెల్లిస్తే అందులో సగం. రాజుగారి యుద్ధంలో చంపితే నలభై రోజులు. దేవుడి లెక్క, కోర్టు లెక్క ఒకే కాగితం మీద నడిచాయన్నమాట. చాంద్రాయణానికి బదులు గోదానం చెప్పే మన ప్రాయశ్చిత్త గ్రంథాలు తెలిసినవారికి ఈ బేరం కొత్తగా తోచదు.

దీన్ని మొరటు ఆలోచన అని కొట్టిపారేయడం తొందరపాటు. పట్టికలో ఉన్న పాపానికి ఒక ముగింపు తేదీ ఉంటుంది. ఏడేళ్లు గడిస్తే మనిషి మళ్లీ మనుషుల్లో పడతాడు. అద్దె ఉపవాసాల ప్రమాదాన్ని చర్చి కూడా ముందే పసిగట్టింది: 747లో క్లోవెషో సభ ఇలాంటి బదులు ప్రాయశ్చిత్తాలను గట్టిగా ఖండించింది. అయినా రెండున్నర శతాబ్దాల తర్వాత 852 మంది లెక్క పుట్టింది.

కవులది వేరే దారి. 1000 ప్రాంతపు రాతప్రతిలో మిగిలిన ‘బేవుల్ఫ్’లో గ్రెండెల్ అనే రాక్షసుడు బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను వంశంవాడు, తొలి హత్య తాలూకు పాపం అక్కడ బురదనేలల్లో తిరిగే ప్రాణి. అదే కావ్యంలో ముసలి రాజు హ్రోత్‌గార్ గెలిచిన వీరుణ్ణి పొగుడుతూనే హెచ్చరిస్తాడు: మనిషిలో అహం పెరుగుతుంటే ఆత్మకు కాపలా ఉన్నవాడు నిద్రపోతాడు, దగ్గర్లోనే విలుకాడు పొంచి ఉంటాడు.

1014లో యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టన్ ప్రసంగంలో పాపం దేశం మొత్తానిది. డేన్ల దాడులతో ఇంగ్లండు కుప్పకూలింది, రాజు ఎథెల్రెడ్ సముద్రం దాటి పారిపోవలసి వచ్చింది. తప్పు శత్రువుదని వుల్ఫ్‌స్టన్ అనలేదు. తండ్రి కొడుకును అమ్ముకున్నాడు, కొందరు సొమ్ము కలేసుకుని ఒక స్త్రీని కొని, చెరిచి, పరదేశానికి అమ్మేశారు అని ఒక్కొక్కటిగా వల్లించాడు. ప్రాసలతో జంటపదాలు దెబ్బ మీద దెబ్బలా పడతాయి. ఆ గద్యం ఇప్పటికీ చదివితే చెవులు గింగురుమంటాయి.

1215లో చర్చి జరిపిన లాటరన్ మహాసభ ఏడాదికోసారి పాదిరీ ముందు పాపాలు ఒప్పుకోవడం, అంటే పాపసంకీర్తనం, తప్పనిసరి చేసింది. ఇక ప్రతి రైతూ తన పాపం పేరు తెలుసుకోవాలి. చర్చిగోడకు ఆనుకున్న గదుల్లో తమను తాము మూసేసుకున్న స్త్రీల కోసం రాసిన ‘అంక్రెన్ విస్సె’ ఏడు పాపాలను ఏడు జంతువులు చేసింది: గర్వం సింహం, అసూయ పాము, కోపం ఒంటికొమ్ము గుర్రం, సోమరితనం ఎలుగు, పేరాశ నక్క, తిండిపోతుతనం ఆడపంది, కామం తేలు. ప్రతిదానికీ పిల్లలు.

ఆ జంతువులకు మనిషి ముఖం తగిలించిన ఘనత కవి లాంగ్లండ్‌ది. 1370ల నాటి ‘పియర్స్ ప్లౌమన్’లో తిండిపోతు పాపం ఒప్పుకుందామనే బయల్దేరతాడు. దారిలో బీరు కాచే బెట్టి పలకరిస్తుంది. ఇంకేముంది, గ్యాలన్ దాకా తాగి, శనాదివారాలు నిద్రలోనే గడిపేస్తాడు. సోమరి ముప్పై ఏళ్లు పాదిరీ. వాడికి రాబిన్ హుడ్ పాటలొచ్చు గానీ పరలోక ప్రార్థన సరిగ్గా రాదు. ఆ పాటల ప్రస్తావన సాహిత్యంలో కనబడడం అక్కడే మొదలు.

పేరాశది ఇంకా మంచి ఘట్టం. ఎప్పుడైనా సొమ్ము తిరిగిచ్చావా అని పశ్చాత్తాపం అనే పాత్ర అడుగుతుంది. ఇచ్చానంటాడు: సత్రంలో వర్తకులు నిద్రపోయాక లేచి వాళ్ల మూటలు విప్పాడట. తిరిగివ్వడమంటే అదే అనుకున్నాడు. ఇంగ్లీషులో ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది మరి; తనకొచ్చిన ఫ్రెంచి నార్ఫోక్ మారుమూలదేనని సంజాయిషీ. పశ్చాత్తాపం మెత్తబడదు. ఉపవాసాలు చేయించుకురమ్మని పంపదు. ఎవరి సొమ్ము వాళ్లకు చేర్చేదాకా క్షమాపణ లేదంటుంది.